అప్‌డేట్: నాన్న పార్కిన్సన్స్, మందు పెంచాక నిజంగా మార్పు ఉందా?

పార్కిన్సన్స్‌కి వాడే లెవోడోపా అనే మందు మోతాదు పెంచాక నాన్నకి నిజంగా మెరుగైందా, మాకే అలా అనిపిస్తోందా అని అడిగాను కదా. వణుకు సంగతి పక్కనపెట్టి రోజువారీ పనులు గమనించమన్నారు మీరు. అలాగే చేశాం.

విశాఖలో డాక్టరుగారు ఎండీఎస్-యూపీడీఆర్ఎస్ (పార్కిన్సన్స్ ఎంత ఉందో కొలిచే ఫారం) రెండో భాగం నింపించారు, అది రోజువారీ పనుల గురించి. గడిచిన వారం గురించి 13 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 52. స్కోరు పెరిగితే ఇబ్బంది పెరిగినట్టు. నాన్నకి మందు పెంచకముందు 21, ఇప్పుడు 17. ఇంతేనా అనిపించింది. కానీ 2017 నాటి ఒక అధ్యయనం ప్రకారం సుమారు 3 పాయింట్లు తగ్గినా మనిషికి తెలిసేంత మెరుగుదలేనట. రెండున్నర పెరిగితే దిగజారినట్టు.

ఆ నాలుగూ ఎక్కడ తగ్గాయంటే, రాత్రి మంచం మీద ఎవరూ పట్టకుండానే పక్కకి తిరుగుతున్నారు. అమ్మకి నిద్ర పడుతోంది (ఫారంలో ఆవిడ నిద్రకి గడి లేదు, ఉండాల్సింది). చొక్కా గుండీలు ఆలస్యమైనా తనే పెట్టుకుంటున్నారు. పప్పన్నం కలుపుకుంటుంటే మెతుకులు కింద పడటం తగ్గింది. బ్యాంకు సంతకం మాత్రం ఇంకా చీమల బారే. వణుకూ అంతే. ఆమదాలవలస నుంచి వచ్చిన మేనత్త అది చూసి "ఏటీ తగ్గనేదేట్రా" అనేసింది!

మీరూ రాసిపెట్టుకుంటే మందు వేసిన టైం కూడా రాయండి. వేసిన గంటకి ఒకలా, దాని ప్రభావం తగ్గే వేళకి ఇంకోలా ఉంటారు.

గుమ్మం దాటేటప్పుడు కాళ్లు అతుక్కుపోవడం తగ్గలేదు. దానికి శ్రీకాకుళంలోనే ఫిజియోథెరపీ మొదలుపెడుతున్నాం.