పారేసే సీసాలు, డబ్బాలతో పూలకూజాలు: మీ ఇంట్లో ఏది బాగా కుదిరింది?

పర్లాకిమిడి అమ్మ
కాఫీపొడి సీసాలు, సాస్ సీసాలు, రేకు డబ్బాలు ఇంట్లో గుట్టలా పేరుకున్నాయి. వచ్చేవారం మా పాప ఓణీల ఫంక్షన్, వీటిలోనే పూలు పెడదామని ఆశ. నిన్న లేబుల్ ఊడుతుందని నీళ్ల బాటిల్లో మరిగే నీళ్లు పోస్తే మొత్తం ముడుచుకుపోయి ముద్దయింది. చేసినవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

బరంపురం పిన్ని
ఆ ప్లాస్టిక్ 70, 80 డిగ్రీలకే మెత్తబడుతుందమ్మా, మరిగే నీళ్లు పోయకూడదు. గాజు సీసా కూడా ఒక్కసారిగా వేడి తగిలితే పగులుతుంది. గోరువెచ్చటి నీళ్లలో గంట నానబెడితే కాగితం వచ్చేస్తుంది, మిగిలిన జిగురుకి కొబ్బరినూనె, వంటసోడా కలిపి రాసి అరగంట ఆగి పీచుతో రుద్దు. అన్నిటిలో నాకు సాస్ సీసాయే ఇష్టం, మూతి సన్నం కాబట్టి రెండు కాడలు పెట్టినా నిటారుగా నిలబడతాయి, వెడల్పు సీసాలో గుప్పెడు పెట్టినా పక్కకి ఒరిగిపోతాయి. వెడల్పు సీసాకైతే మూతి మీద టేపు అడ్డంగా, నిలువుగా గళ్లలా అంటించి ఒక్కో గడిలో ఒక్కో కాడ దింపాలి. చిరిగిన పట్టుచీర ఉంటే గోపురం అంచు రెండు వేళ్ల వెడల్పు కత్తిరించి సీసా మెడకి చుట్టు, అది మీ అమ్మగారి చీరైతే ఇంకా బాగుంటుంది.

రాయగడ
రేకు డబ్బాలో నేరుగా నీళ్లు పోయకండి. మా ఇంట్లో నాలుగు రోజులకే అడుగు తుప్పుపట్టి తెల్ల టేబుల్ క్లాత్ మీద ఎర్రటి గుండ్రం మచ్చ పడింది, ఇప్పటికీ పోలేదు. లోపల చిన్న గాజు గ్లాసు పెట్టి అందులో నీళ్లు పోయండి.

గుణుపురం టీచర్
మా పిల్లలు సీసాకి ఎర్రమట్టిలో ఫెవికాల్ కలిపి పూసి, ఆరాక తెల్లరంగులో అగ్గిపుల్ల ముంచి చెట్టు, నెమలి వేస్తారు, ఇక్కడి సవర గిరిజనుల బొమ్మల తీరులో. ఆ బొమ్మలు సవరలు ఇంటి గోడ మీద తమ దేవతల కోసం వేసుకునేవి, అందుకే పూర్తి బొమ్మని దించనివ్వను. తడి తగిలితే మట్టి కరుగుతుంది, పైన వార్నిష్ తప్పదు.

బరంపురం పిన్ని
పూల సంగతి మర్చిపోయాను. మందారం ఒక్కపూటకే వాడుతుంది. బజార్లో రజనీగంధా అని అడుగు, మన లిల్లీయే. కాడ చివర ఏటవాలుగా కొయ్యి, నీళ్లలో మునిగే ఆకులన్నీ తీసెయ్యి, లేకపోతే కుళ్లి వాసన వస్తుంది.

ఆశా కార్యకర్త, కాశీనగర్
ఫంక్షన్ అయ్యాక సీసాలు అలాగే వదిలేయకండి అక్కా. డెంగీ దోమ గుడ్లు నీటి అంచున సీసా గోడకే అంటుకుంటాయి, పారబోస్తే పోవు. రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చి లోపల బ్రష్‌తో రుద్దాలి.

పర్లాకిమిడి అమ్మ
ఆరు సాస్ సీసాలు సిద్ధం పిన్నీ. అమ్మ మెరూన్ చీర అంచు చుట్టాను, లిల్లీలు శుక్రవారం తెస్తాను.