అప్‌డేట్: గాలన్ గొడవ తీరింది

పోయిన వారం అడిగాను గుర్తుందా? ఇంగ్లండ్‌లో మా పక్కింటి పెద్దావిడ చేత్తో రాసిచ్చిన జింజర్ బీర్ (అల్లం పానీయం) కొలతల ప్రకారమే చేసినా, ఎందుకు పానకంలా తియ్యగా వచ్చిందని. మీలో ఒకరు "ఏ గాలన్ వాడారు?" అన్నారు. దొంగ అక్కడే దొరికాడు. నా ఫోన్‌లో యాప్ అమెరికా గాలన్ లెక్క చెప్పింది, అంటే 3.785 లీటర్లు. ఇక్కడి, అంటే బ్రిటన్ ఇంపీరియల్ గాలన్ 4.546 లీటర్లు. ముప్పావు లీటరు నీళ్లు తక్కువ పోశాను, చక్కెర మాత్రం పూర్తిగా వేశాను!

పైంట్‌దీ అదే కథ: ఇక్కడ 20 ఔన్సులు, 568 మి.లీ.; అమెరికాలో 16 ఔన్సులు, 473 మి.లీ. తమాషా ఏంటంటే, ఔన్సు మాత్రం అమెరికాదే కాస్త పెద్దది.

1824 చట్టంలో 10 పౌండ్ల నీళ్లు పట్టేదే గాలన్ అని బ్రిటన్ తేల్చేసింది. అమెరికావాళ్లు వైన్ కొలిచే పాత గాలన్‌నే పట్టుకుని ఉండిపోయారు.

ఆవిడ రాసిచ్చిన కొలతల్లో నిమ్మరసం 'ఒక గిల్' అని ఉంది, అది పావు పైంట్, 142 మి.లీ. కానీ ఉత్తర ఇంగ్లండ్‌లో కొన్నిచోట్ల అర పైంట్‌నీ గిల్ అనేవారట, అందుకే ఆవిడనే అడిగాను. పావే అన్నారు.

నిన్న మళ్లీ కలిపాను. ఈసారి ఘాటు బాగా తెలుస్తోంది.