కడ్డీ లెక్కలో బలం మూడింతలు వస్తుంది, కీ తప్పా?

దేవరకొండ ఎంపీసీ: మధ్యాహ్నం నుంచి ఒక్క లెక్క కాడనే ఆగిపోయిన. రేపు స్లిప్ టెస్ట్. 10 మీటర్ల స్టీల్ కడ్డీ, రెండు గోడల నడుమ. 20 డిగ్రీల నుంచి 45కు వేడి చేస్తే గోడ మీద బలం ఎంత? వై ఏ ఆల్ఫా డెల్టా టీ (యంగ్ గుణకం × వైశాల్యం × వ్యాకోచ గుణకం × ఉష్ణోగ్రత పెరుగుదల) సూత్రం వేసిన. నాకు 3 × 10⁴ న్యూటన్లు, కీలో 10⁴. ఎన్నిసార్లు చేసినా అదే. కీ తప్పే అనిపిస్తుంది. ఎవరన్న చెప్పండి ప్లీజ్.

మిర్యాలగూడ: వైశాల్యం? గుణకాలు?

దేవరకొండ ఎంపీసీ: 5 చ.సెం.మీ. యంగ్ గుణకం 2 × 10¹¹, ఆల్ఫా 12 × 10⁻⁶. మామూలువే కదా అన్నా, అందుకే రాయలే.

మిర్యాలగూడ: నీ సూత్రంలో పొడవే లేదు. మరి 10 మీటర్లని ఎందుకిచ్చిండు? ప్రశ్న మొత్తం పెట్టు.

పాలమూరు రిటైర్డ్ రైల్వే: ఈ లెక్కలన్నీ పాతకాలపు పట్టాలవి బాబూ. అప్పుడు పట్టాకు పట్టాకు నడుమ సందు వదిలేవాళ్లం. ఇప్పుడు ప్రధాన లైన్లలో కిలోమీటర్ల పొడవున వెల్డింగ్ చేసేస్తారు. చివర్లలో కొంత కదలిక ఉంటుంది గానీ, నడిమి భాగం కదలనే కదలదు. స్లీపర్లు, కంకర పట్టి ఉంచుతయ్. అంటే వ్యాకోచం ఆగి, అంతా బలంగా మారుతుంది. మీటరుకు 60 కిలోలుండే పట్టా కోత వైశాల్యం దాదాపు 77 చ.సెం.మీ. 25 డిగ్రీలు పెరిగితే ఒక్కో పట్టాలో 4.6 × 10⁵ న్యూటన్లు, అంటే 47 టన్నుల బరువంత ఒత్తిడి. కంకర సరిగ్గా లేకపోతే మే నెల ఎండకు పట్టా పక్కకు వంకర తిరుగుతుంది. అందుకే ఏ ఉష్ణోగ్రత దగ్గర బిగించినమన్నది మాకు ప్రాణం.

నకిరేకల్: సార్, పిల్లగాడు అడిగింది కడ్డీ గురించి.

పాలమూరు రిటైర్డ్ రైల్వే: పట్టా కడ్డీ కాదా మరి?

దేవరకొండ ఎంపీసీ: ప్రశ్నలో పొడవు గురించి వేరే ఏం లేదు. పటంల మాత్రం కడ్డీకి, కుడి గోడకు నడుమ 2 మి.మీ. అని గీసి ఉంది. అది ఊరికే గీసిండేమో అనుకున్న.

మిర్యాలగూడ: ఊరికే ఎవడు గీస్తడు! వ్యాకోచం 10 × 12 × 10⁻⁶ × 25, అంటే 3 మి.మీ. అందుల 2 మి.మీ. ఖాళీకే పాయె. గోడ ఆపింది 1 మి.మీ. వికృతి (పొడవుల మార్పు ÷ పొడవు) 10⁻⁴, ప్రతిబలం (వైశాల్యానికి ఎంత బలం అన్నది) 2 × 10⁷ పాస్కల్, బలం 10⁴. కీ కరెక్టే.

నకిరేకల్: వికృతి లెక్కకు పొడవు 10.003 తీసుకోవాలి కదా?

మిర్యాలగూడ: తేడా 0.03 శాతం. వదిలెయ్.

వనపర్తి టీచర్: ఒక మాట. బలం లేనప్పుడు వచ్చిన 2 మి.మీ.ని వికృతి అనకూడదు. అది వ్యాకోచం మాత్రమే.

మిర్యాలగూడ: ఇంజినీరింగ్‌ల దాన్ని ఉష్ణ వికృతి అనే అంటరు సార్. కడ్డీ వేడికి 3 సాగాలి, గోడ 1 వెనక్కి నొక్కింది, మిగిలింది 2. ప్రతిబలం ఆ నొక్కిన ఒక్కదాని నుంచే వస్తది.

వనపర్తి టీచర్: ఇంటర్ పేపర్లో ఇట్ల రాస్తే దిద్దేవాళ్లు మార్కు కోస్తరు.

నకిరేకల్: ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా కాల్చి ఎక్కిస్తరు చూడు, అది ఈ లెక్కకు తిరగేత. చల్లారినంక పట్టాలో తన్యత (సాగదీసే బలం), కట్టెకు ఒత్తిడి.

పాలమూరు రిటైర్డ్ రైల్వే: చలికాలంలో రైలు పట్టా కూడా అంతే. తన్యతకు వెల్డింగ్ దగ్గర చీలుతుంది.

దేవరకొండ ఎంపీసీ: వచ్చింది అన్నా, థాంక్స్.

అచ్చంపేట: నాది కూడా ఇసొంటిదే. సగం స్టీల్, సగం ఇత్తడి కడ్డీలు అంటిచ్చి గోడల నడుమ పెట్టిండు, ఖాళీ లేదు. అతుకు ఎటు జరుగుతదని అడిగిండు. ఎవరన్న ఉన్నరా?