జేకేకి లాంగ్ ట్రావెల్ లిఫ్ట్: 12 అంగుళాల షాక్‌లు పడతాయా, ఆర్మ్‌లు మార్చాల్సిందేనా?

మట్టిచక్రం:

జీప్ ర్యాంగ్లర్ జేకే, నాలుగు డోర్లది, 2013 మోడల్, 3.6 లీటర్ పెట్రోలు ఇంజిన్. ఇప్పుడున్నది 3 అంగుళాల స్ప్రింగ్ లిఫ్ట్ (బండిని ఎత్తు చేసే పొడవు స్ప్రింగులు), 35 అంగుళాల టైర్లు. యాక్సిల్‌ని ఫ్రేమ్‌కి కలిపే ఆర్మ్‌లు కంపెనీతో వచ్చిన పొట్టివే, యాక్సిల్ పక్కకి జరగకుండా పట్టే ట్రాక్ బార్ మాత్రం అడ్జస్టబుల్‌ది. రాళ్ళ మీద ఒక చక్రం కాస్త కిందికి దిగేసరికే షాక్ చివరికొచ్చి ఠపీమని కొడుతోంది, అవతలి చక్రం గాల్లోకి లేస్తోంది. రోడ్డు మీద స్టీరింగ్ అటూ ఇటూ తేలుతోంది.

4 అంగుళాల లాంగ్ ఆర్మ్ కిట్, 12 అంగుళాల ట్రావెల్ (పూర్తిగా మూసుకోవడం నుంచి తెరుచుకోవడం దాకా కదిలే దూరం) ఉన్న షాక్‌లు వేద్దామనుకుంటున్నాను. కొలతలు ఇవి. బండి నేల మీద ఉన్నప్పుడు ముందు షాక్ బోల్టు నుంచి బోల్టుకి 560 మి.మీ. చూస్తున్న షాక్ పూర్తిగా మూసుకుంటే 475, పూర్తిగా తెరుచుకుంటే 777. ముందు ఒక్కో స్ప్రింగ్ మీద బరువు సుమారు 450 కిలోలు. కొనాలనుకున్న స్ప్రింగ్ రేటు మి.మీ.కి 25 న్యూటన్లు.

ఈ షాక్ సరిపోతుందా? లాంగ్ ఆర్మ్ నిజంగా కావాలా, లేక బ్రాకెట్లు దించుకుంటే చాలా? డ్రైవ్ షాఫ్ట్, బ్రేక్ హోస్‌ల సంగతేంటి?


నాలుగులింకులు:

కొలతలతో సహా అడిగారు కాబట్టి లెక్కతోనే చెబుతాను. మీ దగ్గర ఇంకో అంకె తక్కువైంది: యాక్సిల్ పైకి వస్తే ఇనుముకి ఇనుము ఎక్కడ తగులుతుందో ఆ కొలత. అది లేకుండా షాక్ ఎంచుకోవద్దు.

దాన్ని ఇలా తీయండి. ఫ్రేమ్ కింద స్టాండ్లు పెట్టి ముందు స్ప్రింగులు, షాక్‌లు, స్వే బార్ (బండి పక్కకి వాలకుండా ఆపే కడ్డీ) లింకులు విప్పేయండి. యాక్సిల్ పైకి రావడాన్ని ఆపే బంప్ స్టాప్ రబ్బర్లు కూడా లాగేయండి. యాక్సిల్ కింద జాకీ పెట్టి మెల్లగా పైకి లేపుతూ ఏది ముందు తగులుతుందో చూడండి: డిఫరెన్షియల్ ఆయిల్ పాన్‌కా, ట్రాక్ బార్ క్రాస్ మెంబర్‌కా, టైరు ఫెండర్‌కా. ముందు రెండు వైపులా సమానంగా లేపి చూడండి, తర్వాత ఒక వైపు పూర్తిగా పైకి, రెండో వైపు పూర్తిగా కిందికి పెట్టి చూడండి. టైర్లు బిగించే చేయాలి, ప్రతిచోటా స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పాలి. ఏదైనా తగిలిన చోట ఆగి షాక్ బోల్టుల మధ్య దూరం కొలవండి. అది 450 వచ్చిందనుకుందాం.

4 అంగుళాల స్ప్రింగ్ వేస్తే మీ 560 కాస్తా 585 అవుతుంది. 12 అంగుళాల షాక్ 475 దగ్గర మూసుకుపోతుంది. షాక్ లోపల పిస్టన్ అడుగుకి కొట్టుకోకూడదు కాబట్టి కనీసం 12 నుంచి 15 మి.మీ. ముందే బంప్ స్టాప్ ఆపాలి, అంటే 490 దగ్గర. పైకి మిగిలింది 95. యాక్సిల్ 450 దాకా రాగలిగినా 40 మి.మీ. పైచలనాన్ని షాక్ కోసం వదులుకున్నట్టే. కిందికి మాత్రం 192 ఉంది. కాగితం మీద అది గొప్పగా కనబడుతుంది, కానీ స్ప్రింగ్ లెక్క చూడండి. 450 కిలోలంటే దాదాపు 4410 న్యూటన్లు, దాన్ని 25తో భాగిస్తే 176 మి.మీ. బండి నిలబడి ఉన్నప్పుడు ఆ స్ప్రింగ్ నొక్కుకునేది అంతే. చక్రం అంతకు మించి దిగితే స్ప్రింగ్ సీట్లో వదులైపోతుంది. దానికి ముందే, అంటే 165 మి.మీ. దిగేసరికే, స్ప్రింగ్ టైరుని నేలకి నొక్కే బలం 30 కిలోల లోపుకి వచ్చేస్తుంది. చక్రం నేలని తాకుతూ ఫొటోలో బాగుంటుంది, పట్టు మాత్రం ఉండదు.

అందుకే మీకు 445 దగ్గర మూసుకుని 725 దగ్గర తెరుచుకునే తరహా 11 అంగుళాల షాక్ మేలు. బంప్ స్టాప్ 460 దగ్గర, యాక్సిల్ కిందికి దిగడాన్ని ఆపే లిమిట్ స్ట్రాప్ 700 దగ్గర పెట్టండి. పైకి 125, కిందికి 115. పూర్తిగా దిగినా స్ప్రింగ్‌లో ఇంకా 60 మి.మీ. నొక్కుడు ఉంటుంది, టైరు మీద స్ప్రింగ్ నుంచి 150 కిలోల బలం ఉంటుంది. రాళ్ళ మీద మెల్లగా పాకే బండికి కిందికి ఇంకాస్త ఎక్కువ ఇచ్చుకోవచ్చు. వేగంగా తోలే బండికి పైకి ఎక్కువ కావాలి. సగం సగం పంచుకుంటే రెండింటికీ పనికొస్తుంది.

బంప్ స్టాప్ ఎత్తు కొలిచేటప్పుడు చాలామంది ఒకటి మరిచిపోతారు. ఫోమ్ రకం దెబ్బ పడితే దాదాపు సగానికి నలిగిపోతుంది. 70 మి.మీ. ముక్కని పూర్తిగా నలిగాక 35 అనే లెక్కలో పెట్టండి. లిమిట్ స్ట్రాప్ కూడా బరువు పడితే సాగుతుంది, అడుగుకి సుమారు ఒక అంగుళం. ఆ సాగుడు కలిపే 700 రావాలి.

స్ప్రింగ్ రెండో వైపు కూడా చూడాలి. తీగ మందాన్ని చుట్ల సంఖ్యతో గుణిస్తే అది పూర్తిగా మూసుకున్న ఎత్తు వస్తుంది: 16 మి.మీ. తీగ, ఏడున్నర చుట్లు అయితే 120. పైకి పూర్తిగా వచ్చినప్పుడు సీటు నుంచి సీటుకి దూరం దానికన్నా ఎక్కువ ఉండాలి. లేకపోతే బంప్ స్టాప్ పనిని స్ప్రింగే చేస్తుంది, సీటు వంగుతుంది.

ఇంకొకటి. షాక్‌ని నిలువు నుంచి 30 డిగ్రీలు వాల్చి బిగిస్తే డ్యాంపింగ్ (ఊపుని అణిచే బలం) నాలుగింట మూడు వంతులకి పడిపోతుంది. పొడవైన షాక్ ఇరికించడానికి బ్రాకెట్ వాల్చేవాళ్ళు షాక్ లోపలి వాల్వింగ్ కూడా మార్పించుకోవాలి.


షాఫ్టుమోత:

షాఫ్ట్ గురించి. జేకేలో ముందు కంపెనీ డ్రైవ్ షాఫ్ట్‌కి ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ శక్తిని ముందు, వెనక యాక్సిల్‌లకి పంచే పెట్టె) వైపు రబ్బరు బూట్ ఉన్న జాయింట్ ఉంటుంది. లిఫ్ట్ అయ్యాక పొడవు షాక్‌లతో చక్రాలు కిందికి దిగితే ఆ బూట్ ట్రాన్స్‌మిషన్ స్కిడ్ (కింద ఉండే రక్షణ పలక) దగ్గర రాసుకుని చిరుగుతుంది, గ్రీజు చిమ్ముతుంది, జాయింట్ ఎండిపోయి మొరాయిస్తుంది. 3.6 ఇంజిన్ బండిలో ఇంకో ఇబ్బంది ఉంది: ఎగ్జాస్ట్ గొట్టం షాఫ్ట్‌కి దగ్గరగా వెళ్తుంది. యాక్సిల్ పూర్తిగా దిగినప్పుడు షాఫ్ట్ దాన్ని కొడుతుంది. లావుపాటి ట్యూబ్‌తో డబుల్ కార్డన్ (ఒక చివర జంట జాయింట్ ఉన్న) షాఫ్ట్ వేస్తే ఆ సందు ఇంకా తగ్గుతుంది. కాబట్టి స్ప్రింగులు లేకుండా యాక్సిల్ ఆడించే రోజే షాఫ్ట్ బిగించి ఉంచి చేత్తో తిప్పి చూడండి. కనీసం 10 మి.మీ. సందు లేకపోతే ఎగ్జాస్ట్‌కి స్పేసర్ వేయాలి, లేదా ఆ ముక్క మార్చాలి.

క్యాస్టర్ (నకిల్, అంటే చక్రం తిరిగే ముక్క, వెనక్కి వాలే కోణం) సంగతి. రోడ్డు మీద తేలడానికి మొదటి అనుమానం దాని మీదే. కంపెనీ సెట్టింగ్ 4 డిగ్రీల పైచిలుకు. పొట్టి ఆర్మ్‌లతో 3 అంగుళాలు లేపితే యాక్సిల్ తిరిగి అది పడిపోతుంది. 5 చుట్టూ పెట్టుకోండి. కానీ పినియన్‌నీ (డిఫరెన్షియల్‌లో షాఫ్ట్ బిగిసే ముక్కు) క్యాస్టర్‌నీ విడదీయలేం. నకిల్ వెనక్కి వాలితే పినియన్ అన్ని డిగ్రీలే కిందికి దిగుతుంది, షాఫ్ట్ కోణం పెరుగుతుంది. ముందు షాఫ్ట్ సుఖంగా ఉండాలంటే పినియన్ పైకి, రోడ్డు మీద బండి నిటారుగా పోవాలంటే పినియన్ కిందికి. నన్నడిగితే క్యాస్టర్ 5 దగ్గర ఆపి, షాఫ్ట్ కోణం ఎంత వస్తే అంత భరించడమే. వెనక ఈ బేరం లేదు: డబుల్ కార్డన్ అయితే పినియన్ ముక్కు నేరుగా ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు చూడాలి, 1 నుంచి 2 డిగ్రీలు కిందికి ఉంచండి. యాక్సిలరేటర్ తొక్కితే అది లేచి సరిపోతుంది.

బ్రేక్ హోస్, ఏబీఎస్ వైరు రెండూ యాక్సిల్ పూర్తిగా దిగి, స్టీరింగ్ పూర్తిగా తిరిగి ఉన్న స్థితిలో కొలవాలి. హోస్ బిగుసుకోకూడదు. పైకి వచ్చినప్పుడు టైరుకీ స్ప్రింగుకీ మధ్య నలగకూడదు. చాలా హోస్‌లు తెగేది సాగి కాదు, టైరు రాపిడికి.


వెల్డుమరక:

లాంగ్ ఆర్మ్ కావాలా అన్నదానికి: కోణమే కారణం. 500 మి.మీ. ఆర్మ్ అడ్డంగా ఉన్న స్థితి నుంచి యాక్సిల్ 250 కిందికి దిగితే యాక్సిల్ 67 మి.మీ. వెనక్కి వచ్చేస్తుంది. అదే 900 మి.మీ. ఆర్మ్‌తో 35 మాత్రమే. పైగా వాలిన పొట్టి ఆర్మ్ గుంట దెబ్బని మెత్తగా మింగదు, ఫ్రేమ్‌లోకి నెడుతుంది. మీరు 115 దింపుదామనుకుంటే ఆర్మ్ బ్రాకెట్లు దించుకోవడం కూడా నడుస్తుంది, కాకపోతే ఆ బ్రాకెట్లే రాళ్ళకి ముందు తగులుతాయి. రాళ్ళ మీదే తోలుతామంటే లాంగ్ ఆర్మ్.

అది వెల్డింగ్ పని అని గుర్తుంచుకోండి, ఫ్రేమ్ మీద ఒకసారి కోసిన పాత బ్రాకెట్ తిరిగి రాదు. కొయ్యడం ఫ్రేమ్ దాకా వద్దు. 2, 3 మి.మీ. వదిలేసి మిగతాది గ్రైండర్‌తో దించండి. బ్యాటరీ రెండు టెర్మినల్స్ తీసేయండి. ఎర్త్ క్లాంప్ వెల్డింగ్ చేసే ముక్క మీదే పెట్టండి, కరెంటు బేరింగుల్లోంచో జాయింట్లలోంచో పోకూడదు. ఫ్రేమ్ పక్కన పెట్రోలు గొట్టాలు, వైర్లు పోయేచోట వాటిని విప్పి పక్కకి కట్టాలి. తడి గుడ్డ అడ్డం పెడితే చాలదు.

6 మి.మీ. బ్రాకెట్‌ని పలుచటి ఫ్రేమ్‌కి అతికేటప్పుడు వేడి బ్రాకెట్ వైపు ఉంచి ఫ్రేమ్‌లోకి జార్చాలి. ఫ్రేమ్ గోడకి అడ్డంగా, నిలువునా ఒకే గీతలో వెల్డ్ వేయొద్దు, పగులు అక్కడే మొదలవుతుంది. పలకని డైమండ్ ఆకారంలో కోసి అంచులు ఏటవాలుగా వచ్చేలా పెట్టండి. యాక్సిల్ ట్యూబ్ మీద 25 నుంచి 40 మి.మీ. ముక్కలుగా, ఒకసారి ఇటు ఒకసారి అటు వేస్తూ చల్లారనివ్వాలి. ఏకబిగిన లాగితే ట్యూబ్ వంగుతుంది, ఆపైన యాక్సిల్ షాఫ్ట్ సీలు ఎన్ని మార్చినా కారుతూనే ఉంటుంది. ముందు టాక్ (చిన్న చుక్క వెల్డ్) వేసి బిగించి, యాక్సిల్ మొత్తం ఆడించి, అన్నీ సరిపోయాకే పూర్తి వెల్డ్.


మట్టిచక్రం:

అంకెలు అర్థమయ్యాయి, 12 వదిలేస్తాను. కిట్‌లు చూస్తుంటే ముందు రెండు రకాలు కనబడుతున్నాయి. ఒకదాంట్లో పై ఆర్మ్ కింది ఆర్మ్‌కే బిగుస్తుంది. రెండోదాంట్లో కింద రెండు, పైన ఒక్కటే, మూడూ ఫ్రేమ్‌కి విడివిడిగా. మొదటిది చవక, వెల్డింగూ తక్కువ. తేడా ఎంత?


నాలుగులింకులు:

మొదటిది పేరుకి లాంగ్ ఆర్మే గానీ పనితీరులో రేడియస్ ఆర్మ్. ఒక చక్రం పైకీ ఇంకోటి కిందికీ పోయినప్పుడు ఒక వైపు ఆర్మ్ యాక్సిల్‌ని ముందుకీ, ఇంకో వైపు వెనక్కీ తిప్పాలని చూస్తుంది. యాక్సిల్ ట్యూబ్ మెలిపడదు కాబట్టి ఆ మెలిక బుష్‌లు, బ్రాకెట్లు మింగాలి. ఆర్టిక్యులేషన్, అంటే ఒక చక్రం పైకీ ఇంకోటి కిందికీ పోగల స్వేచ్ఛ, అక్కడే ఆగిపోతుంది. బుష్ గట్టిదయితే బ్రాకెట్ వెల్డ్ ఊడుతుంది. మీరు డబ్బు పెట్టేదే చక్రం దిగడానికి కదా, రెండోదే తీసుకోండి. అది త్రీ లింక్. పై లింక్, కింది లింక్‌ల మధ్య యాక్సిల్ దగ్గర నిలువు దూరం టైరు ఎత్తులో పావు వంతు ఉండేలా చూడండి, 35కి సుమారు 9 అంగుళాలు. తక్కువైతే ఆ ఒక్క పై లింక్ మీద బలం బాగా పెరుగుతుంది. ఆ లింక్ జాయింట్ మిగతా వాటికన్నా పెద్దది వాడాలి.


గ్రీజుచెయ్యి:

స్టీరింగ్ గురించి ఎవరూ రాయలేదు. ట్రాక్ బార్, డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్స్ నుంచి నకిల్‌కి పోయే కడ్డీ) రెండూ సమాంతరంగా, దాదాపు ఒకే పొడవులో ఉండాలి. ఒకదాన్ని లేపి ఇంకోదాన్ని వదిలేస్తే గుంతలో చక్రం దిగిన ప్రతిసారీ స్టీరింగ్ దానంతటదే తిరుగుతుంది. యాక్సిల్ వైపు ట్రాక్ బార్ బ్రాకెట్ లేపితే డ్రాగ్ లింక్‌ని నకిల్ పైకి మార్చాలి, రెండూ కలిపే.

800 మి.మీ. బార్‌కి రెండు చివరల మధ్య ఎత్తు తేడా 100 నుంచి 175కి పెరిగితే యాక్సిల్ 13 మి.మీ. పక్కకి జరుగుతుంది. అడ్జస్టబుల్ బార్ మీ దగ్గరుంది కాబట్టి మళ్ళీ సరిచేసుకోండి. తర్వాత డ్రాగ్ లింక్ స్లీవ్ తిప్పి స్టీరింగ్ నడిమికి తేవాలి. ఇది వదిలేస్తే బండి వంకరగా తిరుగుతోందనుకుని ఈఎస్‌పీ మధ్యలో దూరి ఇంజిన్ పవర్ కోస్తుంది. టో, అంటే ముందు చక్రాల ముందు అంచులు ఒకదానికొకటి దగ్గరికి వాలడం, 1.5 నుంచి 3 మి.మీ. లోపలికి.

రబ్బరు బుష్ ఉన్న ఏ బోల్టునీ బండి గాల్లో ఉండగా చివరిదాకా బిగించొద్దు. చక్రాలు నేల మీద ఆనాక, బండిని నాలుగు సార్లు ఊపి అప్పుడు టార్క్ చేయాలి. గాల్లో బిగిస్తే బుష్ ఎప్పుడూ మెలితిరిగే ఉండి కొద్ది రోజుల్లోనే చిరుగుతుంది. ట్రాక్ బార్ బోల్టు రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగిందేమో విప్పినప్పుడే చూడండి. ఒక మనిషి స్టీరింగ్ అటూ ఇటూ ఆడిస్తుంటే ఇంకో మనిషి ఆ బోల్టు మీద వేలు పెట్టి చూస్తే కదలిక తెలుస్తుంది. వేగంలో ముందు భాగమంతా గడగడలాడే డెత్ వాబుల్‌కి ఎక్కువసార్లు కారణం అదే. కొత్త స్టీరింగ్ డ్యాంపర్ వేస్తే రోగం కప్పిపడుతుంది, పోదు.

స్వే బార్ లింకులు కూడా కొత్త ఎత్తుకి సరిపోవాలి. పొట్టివి ఉంచేస్తే చక్రం బాగా దిగినప్పుడు బార్ చేయి అవతలికి తిరగబడి టై రాడ్ మీదో స్ప్రింగ్ మీదో ఇరుక్కుంటుంది.

మొదటి 100 కిలోమీటర్లకి అన్ని బోల్టులు, ముఖ్యంగా ఆర్మ్ జామ్ నట్‌లు మళ్ళీ టార్క్ చేయండి, 500కి ఇంకోసారి. ప్రతి నట్ మీదుగా ఆర్మ్ దాకా పెయింట్ గీత ఒకటి గీసి పెట్టుకుంటే కిందికి వంగి చూసినప్పుడే తిరిగిందో లేదో తెలుస్తుంది.