పింటో పోయిన సెవెన్ కిట్ కారులో జెటెక్ వెయ్యాలా, ఎంఎక్స్-5 ఇంజినా?

స్పానర్13 (లీడ్స్): లోటస్ సెవెన్ తరహా కిట్ కారు (విడిభాగాలు కొని ఇంట్లో కట్టుకునేది), 1996లో రిజిస్టర్ అయింది. ఫోర్డ్ సియెర్రా నుంచి తీసిన 2.0 పింటో ఇంజిన్, టైప్ 9 గేర్‌బాక్స్. కామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్) అరిగిపోయింది. నాలుగో సిలిండర్ కంప్రెషన్ 90 పీఎస్ఐ దగ్గరే ఆగుతోంది, మిగతా మూడూ 160 పైనే. గేర్‌బాక్స్ బాగుంది. ఫోర్డ్ ఫోకస్‌లో వచ్చిన 2.0 జెటెక్ బ్లాక్‌టాప్ వెయ్యనా, మూడో తరం మజ్డా ఎంఎక్స్-5లోని 2.0 ఎంజెడ్ఆర్ వెయ్యనా? బండి రోడ్డు మీద తిరగడానికే, ట్రాక్‌కి కాదు.

పాత ఇనుము: రెండూ వద్దు అంటాను. ముందు ఆ సిలిండర్‌లో ఒక చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కంప్రెషన్ చూడండి. రీడింగ్ పెరిగితే రింగులు, కదలకపోతే వాల్వు. వాల్వే అయితే హెడ్ విప్పి సీట్లు కట్ చేయిస్తే సరిపోతుంది.

పింటో కామ్ ఊరికే అరగదు. దాని పైన స్ప్రే బార్ అని సన్నని గొట్టం ఉంటుంది. ఆ చిల్లులు మడ్డితో పూడుకుపోతే కామ్ మీద ఆయిల్ పడదు. కామ్, ఎనిమిది ఫాలోయర్లు (కామ్ కదలికని వాల్వులకి అందించే ముక్కలు), స్ప్రే బార్ మూడూ కలిపే మార్చాలి. పాత ఫాలోయర్ల మీద కొత్త కామ్ వేస్తే డబ్బు బూడిదలో పోసినట్టే. స్టార్ట్ కాగానే ఐడిల్‌లో వదలకుండా 2,000–2,500 ఆర్‌పీఎం దగ్గర 20 నిమిషాలు నడపండి. మౌంట్లు, బెల్‌హౌసింగ్ (ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య గంట ఆకారపు తొడుగు), ప్రొపెల్లర్ షాఫ్ట్, వైరింగ్ వేటినీ ముట్టుకోనక్కర్లేదు.

గేర్ వేసిన గోపి: పాత ఇనుము గారి మాటలో నిజం ఉంది కానీ, అంత ఖర్చూ పెట్టి బాగుచేస్తే మళ్లీ 105 హార్స్‌పవర్ దగ్గరే ఉంటాం. బ్లాక్‌టాప్ 130 ఇస్తుంది, యార్డుల్లో చవగ్గానూ దొరుకుతుంది. అయితే ఇంజిన్ ధర చూసి మురిసిపోవద్దు, చుట్టూ కొనే సామాన్లలోనే జేబు ఖాళీ అవుతుంది.

జెటెక్ బ్లాకు వెనక బోల్టుల అమరిక పింటోది కాదు, ఫోర్డ్ పాత ఇంజిన్ కెంట్ క్రాస్‌ఫ్లోది. అందుకని మీ బెల్‌హౌసింగ్ పనికిరాదు. టైప్ 9కి బెల్‌హౌసింగ్ విడిగా ఊడుతుంది కాబట్టి అదొక్కటి కొత్తది కొంటే గేర్‌బాక్స్ అలాగే ఉంటుంది. రెండు డోవెల్ పిన్నులూ (సరైన చోట కూర్చోబెట్టే పిన్నులు) తప్పక వెయ్యండి. బోల్టులు బిగించి పట్టుకుంటాయే తప్ప సెంటర్ కుదర్చవు.

జెటెక్ ముందు చక్రాల బండి ఇంజిన్, కాబట్టి క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్ట్) చివర స్పిగాట్ బేరింగ్ ఉండదు. టైప్ 9 ఇన్‌పుట్ షాఫ్ట్ ముక్కు నిలబడేది దాని మీదే. మరిచిపోతే మొదట్లో ఏమీ తెలియదు. తరవాత క్లచ్ తొక్కినా ఫస్ట్ గేరు గరగరమంటుంది, ఆపైన ఇన్‌పుట్ బేరింగ్ పోతుంది.

ఇంకో రెండు పనులు. అడ్డంగా కూర్చునే ఇంజిన్ కాబట్టి థర్మోస్టాట్ హౌసింగ్ హెడ్ చివర ఉంటుంది, నిలువుగా తిప్పితే అది బల్క్‌హెడ్‌కి (ఇంజిన్ వెనక అడ్డుగోడకి) తగులుతుంది. దాన్ని తీసి నీళ్లు ముందుకు తెచ్చే వాటర్ రెయిల్ పెట్టాలి. అసలు సంపు (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) కూడా సెవెన్‌కి మరీ లోతు. పొట్టి అల్యూమినియం సంపు, దానికి సరిపడే, ఆయిల్ పీల్చే పికప్ పైపు, లోపల ఆయిల్ ఒరగకుండా ఆపే బాఫిల్ పలకలు కావాలి. బాఫిల్ లేకపోతే పొడవాటి మలుపులో ఆయిల్ ఒక పక్కకి పోయి పికప్ గాలి పీలుస్తుంది, బిగ్ ఎండ్ బేరింగులు అరుస్తాయి.

చైన్‌డ్రైవ్ (కోవెంట్రీ): అన్నా, ఇన్ని అడాప్టర్లు కొనే బదులు పుట్టుకతోనే నిలువుగా కూర్చున్న ఇంజిన్ ఎందుకు వెయ్యకూడదు? ఎంజెడ్ఆర్, ఫోర్డ్ డ్యురాటెక్ ఒకే కుటుంబం. అల్యూమినియం బ్లాకు, టైమింగ్ బెల్టు గోల లేదు, 160 హార్స్‌పవర్. ఇనుప జెటెక్ కంటే బండి ముక్కు తేలికవుతుంది. సెవెన్‌లో అది స్టీరింగ్ పట్టుకోగానే తెలుస్తుంది.

గేర్ వేసిన గోపి: గేర్‌బాక్స్ సంగతి కూడా చెప్పు మరి. ఎంఎక్స్-5 గేర్‌బాక్స్‌కి వెనక మౌంట్ లేదు. డిఫరెన్షియల్ (వెనక చక్రాలకి శక్తి పంచే పెట్టె) దాకా పోయే పొడవాటి ఫ్రేమే దాన్ని మోస్తుంది. సియెర్రా డిఫరెన్షియల్ ఉన్న సెవెన్‌లో ఆ ఫ్రేమ్ పట్టదు. తోకకి కొత్తగా బ్రాకెట్ చెయ్యాలి, గేర్ లివర్ ఎక్కడ తేలుతుందో కొలవాలి, గేర్‌బాక్స్ మీది టన్నెల్ కోయాలి. బాగున్న టైప్ 9ని పక్కన పారేసి ఇదంతా ఎందుకు?

చైన్‌డ్రైవ్: టైప్ 9 ఉంచుకుంటానంటే డ్యురాటెక్ బెల్‌హౌసింగ్ కొని ఎంజెడ్ఆర్‌కీ తగిలించొచ్చు. 160 హార్స్‌పవర్‌ని ఆ గేర్‌బాక్స్ ఎన్నాళ్లు మోస్తుందనేది వేరే సంగతి, అందులో మీ మాట కాదనను.

ఈ కుటుంబంలో ఒక గొయ్యి ఉంది. క్రాంక్ ముందు స్ప్రాకెట్‌కీ పుల్లీకీ కీ (జారకుండా ఆపే చిన్న ముక్క) ఉండదు, కేవలం బోల్టు బిగింపు మీదే నిలుస్తాయి. ఆయిల్ సీల్ మారుద్దామని ఆ బోల్టు వదులు చేశారంటే టైమింగ్ పోయినట్టే, వాల్వులు పిస్టన్లకి తగులుతాయి. క్రాంక్ టీడీసీ పిన్ (పిస్టన్ పైచివర ఉన్నప్పుడు క్రాంక్‌ని ఆపేది), కామ్‌ల చివర 5 మి.మీ. పలక, పుల్లీ చిల్లులోంచి కవర్‌లోకి ఎం6 బోల్టు, ఈ మూడూ పెట్టాకే చెయ్యి వెయ్యాలి. బోల్టు కొత్తదే వాడాలి, 100 న్యూటన్ మీటర్లు, ఆపైన 90 డిగ్రీలు. కొనేముందు ఇన్‌లెట్ మానిఫోల్డ్ విప్పి లోపలి రెక్కలు వదులుగా ఉన్నాయేమో చూడండి. ఊడిన స్క్రూ నేరుగా సిలిండర్‌లోకే వెళ్తుంది.

ఆటోనగర్ (విజయవాడ): మన దగ్గర ఇంజిన్ మార్చాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ముందే ఆర్టీఓ అనుమతి కావాలి. అక్కడ బ్రిటన్‌లో కాగితాల సంగతేంటి?

పాత ఇనుము: వీ5సీలో (బండి రిజిస్ట్రేషన్ పత్రం) ఇంజిన్ నంబరు, సీసీ మార్పించడానికి డీవీఎల్ఏకి (రిజిస్ట్రేషన్ ఆఫీసు) పంపాలి, ఇన్సూరెన్సుకి చెప్పాలి. ఎంఓటీ (ఏటా చేసే ఫిట్‌నెస్ తనిఖీ) పొగ పరీక్షలో 2002 సెప్టెంబరు 1కి ముందు రోడ్డెక్కిన బండికి వేరే ఇంజిన్ వేస్తే, బండి వయసు, ఇంజిన్ వయసుల్లో ఏ లెక్క తేలికైతే దాన్ని పెడతారు. ఆ తరవాతి బండైతే బండి వయసే లెక్క. 1996 బండికి భయం లేదు.

గేర్ వేసిన గోపి: ఏ ఇంజిన్ అయినా మౌంట్లు చివర్లోనే. గేర్‌బాక్స్ తగిలించి, చెక్క దిమ్మల మీద నిలబెట్టి, సంపు ఛాసిస్ రెయిల్ కంటే కిందికి రాకుండా చూసుకోండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ బిగించే ముఖాలు, అంటే గేర్‌బాక్స్ ఫ్లాంజి, డిఫరెన్షియల్ ఫ్లాంజి సమాంతరంగా, ఒక డిగ్రీ తేడాకి మించకుండా ఉండాలి. అప్పుడు మౌంట్లకి టాక్ వెల్డు (అక్కడక్కడా చుక్కలు) కొట్టి, ఇంజిన్ బయటికి తీశాక పూర్తిగా వెల్డ్ చెయ్యండి. సెవెన్ ముక్కు కిందికి ఉంటుంది కాబట్టి హెడర్ ట్యాంకు (కూలెంట్ నింపే ట్యాంకు) అన్నింటికన్నా పైన ఉండాలి, లేకపోతే హెడ్‌లో గాలి బుడగ నిలుస్తుంది.

స్పానర్13: ఆయిల్ పోసి చూశాను, రీడింగ్ కదల్లేదు. అంటే వాల్వే. అయినా జెటెక్ వైపే మొగ్గుతున్నాను, గేర్‌బాక్స్ మిగులుతుంది కదా. యార్డులో ఉన్నదానికి ఎవరో తేలిక ఫ్లైవీల్ (క్రాంక్ వెనక తిరిగే బరువు చక్రం) వేసి ఉంచారు. మంచిదేనా?

గేర్ వేసిన గోపి: ఇంజిన్ వైపుండే ముఖం చూడండి. క్రాంక్ సెన్సర్ చదివే పళ్లు అక్కడే చెక్కి ఉంటాయి, 35 పళ్లు, ఒక ఖాళీ. నున్నగా ఉంటే స్పార్కు రాదు. అప్పుడు ముందు పుల్లీకి అలాంటి పళ్లున్న 36-1 చక్రం, సెన్సర్ బ్రాకెట్ చేయించాల్సిందే. బేరం ఆడేటప్పుడు ఆ ఖర్చు కూడా తీయించుకోండి.