"ముద్దు చంపదు": బస్సు మీద కోసేసిన రెండో వాక్యం

నినాదాలని తెలుగు చేయడం మీద ఇక్కడ చర్చ నడుస్తోంది కాబట్టి నేనూ ఒకటి తెస్తున్నాను. "కిస్సింగ్ డజంట్ కిల్: గ్రీడ్ అండ్ ఇండిఫరెన్స్ డూ." 1989లో న్యూయార్క్‌లోని గ్రాన్ ఫ్యూరీ అనే కళాకారుల బృందం వేసిన పోస్టర్ మీది మాట ఇది. ఎయిడ్స్ మీద వీధుల్లోకి వచ్చి కొట్లాడిన యాక్ట్ అప్ లోంచి పుట్టిన బృందం, పేరేమో అప్పట్లో అక్కడి పోలీసులు తిరిగే ప్లిమత్ కారు మోడల్‌ది. పోస్టర్‌లో మూడు జంటలు ముద్దు పెట్టుకుంటూ ఉంటాయి. ఒక జంట ఆడా మగా, ఒక జంట ఇద్దరూ మగవాళ్లే, ఇంకో జంట ఇద్దరూ ఆడవాళ్లే. రంగురంగుల బట్టలు, వెనకాల తెల్లగా ఖాళీ, అచ్చం బెనెటన్ బట్టల ప్రకటనలాగే ఉంటుంది, కావాలనే అలా చేశారు. గ్యాలరీలో తగిలించడానికి కాదు, సిటీ బస్సుల పక్కన అంటించడానికి.

తెలుగులో పై వాక్యం పెద్ద కష్టమేం కాదు. "ముద్దు చంపదు. చంపేవి దురాశ, ఉదాసీనత." ఇంగ్లీషులో చివర "డూ" అని ఒక్క ముక్కతో తేల్చేశారు, మనం "చంపేవి" అని ముందుకి లాక్కుంటే అదే దెబ్బ పడుతుంది. నా పేచీ దీని గురించి కాదు, దీని కింద ఉండాల్సిన రెండో వాక్యం గురించి. అది దాదాపు ఇలా ఉండేది: "కార్పొరేట్ల దురాశ, ప్రభుత్వ నిష్క్రియత్వం, ప్రజల ఉదాసీనత కలిసి ఎయిడ్స్‌ని రాజకీయ సంక్షోభం చేశాయి."

బస్సుల మీద కళ పెట్టే ఆ పథకాన్ని నడిపింది ఎయిడ్స్ పరిశోధనకి నిధులు పోగుచేసే ఆమ్‌ఫార్. ముద్దులు ఉండొచ్చు గానీ ఈ రెండో వాక్యం వద్దన్నారు, తీసేయించారు. విరాళాలు ఇచ్చేవాళ్లలో కంపెనీలూ ఉంటాయి, ఎవరికి గుచ్చుకుంటుందో ఊహించడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు.

ఇప్పుడు వ్యాకరణం చూడండి. తీసేసిన వాక్యంలో ఉన్నదేంటి? షష్ఠీ విభక్తి. ఎవరి దురాశ, ఎవరి ఉదాసీనత అన్న ముక్క. అది పోయాక పై వాక్యంలో మిగిలింది ఊరికే దురాశ, ఊరికే ఉదాసీనత. గాల్లో తిరిగే గుణాలు. నీతిశతకాల్లో లోభం, మదం, మాత్సర్యం ఉంటాయే, అలా. చదివినవాడు "అవునండీ, దురాశ దుఃఖానికి చేటు" అని తలూపి బస్సెక్కేస్తాడు. ఒక్క విభక్తి ఎత్తేస్తే ఆరోపణ కాస్తా సుభాషితం అయిపోయింది. సెన్సార్ అంటే బూతుమాట మీద నల్లరంగు పూయడమే అనుకుంటాం గానీ, నా లెక్కలో దీనంత శుభ్రమైన కోత ఇంకోటి లేదు.

ఆ షష్ఠి వెనక ఎవరున్నారో కూడా చెప్పాలి, లేకపోతే ఇది ఉత్త వ్యాకరణం క్లాసు అయిపోతుంది. ఏజడ్‌టీ అనే ఎయిడ్స్ మందుకి 1987 మార్చిలో అనుమతి వచ్చింది, తయారు చేసింది బరోస్ వెల్‌కమ్, ఏడాదికి దాదాపు 10,000 డాలర్లు. 1989 సెప్టెంబర్లో యాక్ట్ అప్ వాళ్లు న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ లోపలికి దూరి గోల చేశాక కంపెనీ ధర 20 శాతం తగ్గించింది. అది కార్పొరేట్ల భాగం. ప్రభుత్వం భాగానికొస్తే, అప్పటి అమెరికా అధ్యక్షుడు రీగన్ ఎయిడ్స్ మీద మొదటి పెద్ద ప్రసంగం చేసింది 1987 మే 31న, అప్పటికే అమెరికాలో 20,000 మందికి పైగా చనిపోయారు. ఆ ప్రసంగం ఎక్కడ చేశాడంటే ఆమ్‌ఫార్ విందులో. అదే ఏడాది అక్టోబర్లో సెనేట్ 94–2 ఓట్లతో ఒక సవరణ పాస్ చేసింది, ఎయిడ్స్ అవగాహన కోసం ఇచ్చే కేంద్రం డబ్బుతో స్వలింగ లైంగిక చర్యలని "ప్రోత్సహించకూడదు" అని. దాంతో జబ్బు ఎవరికి ఎక్కువగా వస్తోందో వాళ్లకి అర్థమయ్యే మాటల్లో కరపత్రం వేయడం కూడా టెన్షన్ వ్యవహారమైపోయింది.

కోత ఫలితం షికాగోలో తేలింది. 1990లో పోస్టర్ అక్కడికి వెళ్లబోతుంటే నగర కౌన్సిల్లో ఒకాయన లేచి, ఇది ఎయిడ్స్ గురించి కాదు, స్వలింగ జీవనశైలికి ప్రచారం అన్నాడు. ఆయన బుద్ధి ఎలాంటిదో పక్కన పెట్టండి, చదువరిగా ఆయనకి ఆ సందు దొరికింది ఎందుకంటే "ఎయిడ్స్" అన్న మాట ఉన్నది కింది వాక్యంలోనే, అది కాస్తా ముందే పోయింది! ఇల్లినాయ్ రాష్ట్ర సెనేట్ ఇంకో అడుగు ముందుకేసి, 21 ఏళ్లలోపు వాళ్లకి కనబడే చోట షికాగో రవాణా సంస్థ అలాంటి పోస్టర్లు పెట్టకూడదని బిల్లు పాస్ చేసింది. దిగువ సభలో అది ఓడిపోయింది. ఆగస్టులో పోస్టర్లు ఎక్కాయి, ఒకట్రెండు రోజుల్లోనే వాటి మీద రంగు పోసి పాడుచేశారు.

నా ప్రశ్న ఇదీ. రెండు వాక్యాలనీ కలిపి తెలుగు చేయాలంటే ఎలా? "ఉదాసీనత" నాకు అస్సలు నచ్చలేదు.

వ్యాఖ్య: మాస్టారూ, ఉదాసీనత అంటే సన్యాసి లక్షణం. గీతలో ఉదాసీనుడు మంచివాడు కదా. ఇక్కడ కావాల్సింది "పట్టనితనం". మా గుంటూరులో అయితే "మనకెందుకులే" అంటాం, అంతకంటే కచ్చితమైన మాట లేదు.

జవాబు: "పట్టనితనం" తీసుకుంటున్నానండి. "మనకెందుకులే" ఇంకా బావుంది గానీ దానికి విభక్తి తగిలిస్తే నోరు తిరగదు.

వ్యాఖ్య: గ్రీడ్‌కి కక్కుర్తి అనొచ్చుగా అన్నా? దురాశ అంటే పంచతంత్రంలో నక్క గుర్తొస్తుంది.

జవాబు: తమ్ముడూ, కక్కుర్తి అంటే పెళ్లిలో రెండు లడ్డూలు జేబులో వేసుకోవడం. ఏడాదికి పది వేల డాలర్లంటే కక్కుర్తి కాదు. "లాభాపేక్ష" మరీ మెత్తగా ఉంది, కంపెనీవాళ్లే వాళ్ల నివేదికలో రాసుకునేలా. "డబ్బుపిచ్చి" ఎలా ఉంది?

వ్యాఖ్య: నేను పాతకాలం మనిషిని, ఏమీ అనుకోకండి. ఎవరిదైనా సరే, బస్సు మీద ముద్దేమిటండీ? పిల్లలు తిరిగే చోటు. అభ్యంతరం చెప్పినవాళ్లందరూ ద్వేషంతోనే చెప్పారనడం సబబు కాదు.

జవాబు: అలా అనలేదండి. మీ మాట "ఎవరిదైనా సరే" అని ఉంది చూశారా, ఆ బిల్లులో అది లేదు. ఆడవాళ్లిద్దరో మగవాళ్లిద్దరో కౌగిలించుకున్నా ముట్టుకున్నా ఉన్న బొమ్మలకే నిషేధం. దాని ప్రకారం ఆ పోస్టర్‌ని మూడు ముక్కలు చేస్తే ఒక ముక్క బస్సు మీద హాయిగా తిరగొచ్చు. ముద్దే అభ్యంతరమైతే మూడూ పోవాలి కదా. మీ అభ్యంతరం నిజాయితీగా ఉంది, వాళ్ల బిల్లులో ఆ నిజాయితీ లేదు.

వ్యాఖ్య: మన పులిరాజా గుర్తొచ్చాడు సార్. 2000ల మొదట్లో ఏ రోడ్డు చూసినా "పులిరాజా ఎవరు?", తర్వాత "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అని. ఇంట్లో అడిగితే తిట్లు పడేవి. మీ విభక్తి లెక్కలో అదేమవుతుంది?

జవాబు: భలే పట్టారు. కిన్ కున్ యొక్క లోన్ లోపలన్, కాబట్టి "పులిరాజాకు" కూడా షష్ఠే. వాక్యంలో కర్త ఎయిడ్స్, అది తనంతట తానే వస్తుంది, పులిరాజాకు వస్తుంది. మందులు, ఆసుపత్రి, సర్కారు ఆ వాక్యంలో ఎక్కడా లేవు. ప్రకటన వేసిందే సర్కారు కాబట్టి ఎందుకుంటాయిలెండి. ఆ ప్రచారాన్ని తీసిపారేయడం లేదు, ఊరూరా జనం నోట ఎయిడ్స్ అన్న మాట పలికించింది, అది చిన్న పని కాదు. కానీ అందులో తప్పూ, రిస్కూ అంతా ఒక్క మగాడిదే. ఇంకో సంగతి, ఆ పులిరాజా ఇంకో మగవాడిని ఇష్టపడేవాడై ఉండొచ్చన్న ఆలోచనకే ఆ హోర్డింగుల్లో చోటు లేదు. కోయడానికి ముందే లేకుండా రాసుకుంటే సెన్సార్‌వాడికి పనేం ఉంటుంది?

వ్యాఖ్య: ఫ్లోరిడా నుంచి. ఇక్కడ ఓర్లాండోలో పల్స్ అనే గే క్లబ్ ముందు ఇంద్రధనుస్సు రంగుల క్రాసింగ్ ఉండేది, 2016 జూన్ 12న 49 మందిని కాల్చి చంపిన చోటు. 2025 ఆగస్టులో రాష్ట్ర రవాణా శాఖ రాత్రికి రాత్రి దాని మీద రంగు వేసేసింది. అంతకుముందు నెలలోనే కేంద్ర రవాణా మంత్రి "పొలిటికల్ బ్యానర్స్"కి పబ్లిక్ రోడ్ల మీద చోటు లేదన్నాడు. పన్ను కట్టేవాళ్ల డబ్బు రోడ్ల భద్రతకే గానీ ఇంద్రధనుస్సులకి కాదట.

జవాబు: అక్కా, మీరు చెప్పిన ఆ "పొలిటికల్" దగ్గరే ఆగిపోయాను. 1989లో కళాకారులే స్వయంగా "రాజకీయ సంక్షోభం" అని రాస్తే ఆ మాట వద్దని తీయించారు. ఇప్పుడు చనిపోయినవాళ్ల గుర్తుగా వేసిన రంగుల్లో ఒక్క అక్షరం లేకపోయినా, వీళ్లే దానికి "రాజకీయం" అని పేరు పెట్టి చెరిపారు. మన నాయకులు ఏ ప్రమాదం జరిగినా మైకు ముందుకొచ్చి "దయచేసి దీన్ని రాజకీయం చేయొద్దు" అంటారు చూడండి, అదే వరస. మామూలుగా ఆ మాట అన్నవాడే అప్పటికి అధికారంలో ఉంటాడు.

వ్యాఖ్య: సరే మాస్టారూ, చివరికి మీ అనువాదం ఏంటి?

జవాబు: రెండు వాక్యాలుగా రాయకూడదని తేల్చుకున్నాను. రెండో వాక్యం ఉంటేనే కదా కోసేది. విభక్తులన్నీ పైకి ఎక్కించేస్తే: "ముద్దు చంపదు. కంపెనీల డబ్బుపిచ్చి, సర్కారు నిర్లక్ష్యం, మన పట్టనితనం చంపుతాయి." "ప్రజల" అని ఉన్నచోట "మన" అని పెట్టాను, చదివేవాడు తప్పించుకోకుండా.

వ్యాఖ్య: బస్సు మీదికి పొడుగైపోదూ?

జవాబు: నలభై అడుగుల బస్సండీ, పడుతుంది.