సాంబా షేర్‌లో కొత్త ఫైల్‌కి గ్రూప్ రైట్ పర్మిషన్ రావట్లేదు

ఉబుంటు 22.04 సర్వర్‌లో ముగ్గురు అకౌంటెంట్లకి ఒకే ఫోల్డర్ ఇచ్చాను. సాంబా (లినక్స్ ఫోల్డర్లని విండోస్‌కి పంచే సాఫ్ట్‌వేర్) ద్వారా విండోస్ నుంచి వాడతారు. ఒకరు కొత్తగా సేవ్ చేసిన ఎక్సెల్ ఫైల్ మిగతా ఇద్దరికీ రీడ్ ఓన్లీగానే తెరుచుకుంటోంది.

అందరూ ‘అకౌంట్స్’ గ్రూప్‌లోనే ఉన్నారు. ఐడీ కమాండ్‌తో చూశాను, లాగౌట్ చేయించి మళ్లీ లాగిన్ కూడా చేయించాను. ఫోల్డర్‌కి సీహెచ్‌మాడ్ (పర్మిషన్లు మార్చే కమాండ్) 2775 పెట్టాను, అందులో ముందున్న 2 వల్ల కొత్త ఫైల్‌కి ఫోల్డర్ గ్రూపే వస్తుంది కాబట్టి ఫైల్ గ్రూప్ సరిగానే పడుతోంది. యూమాస్క్ (కొత్త ఫైల్‌కి ఏ పర్మిషన్లు తీసేయాలో చెప్పే సెట్టింగ్) 002 చేశాక ఎస్ఎస్‌హెచ్‌లో (సర్వర్‌లోకి రిమోట్ లాగిన్) టచ్ కమాండ్‌తో ఖాళీ ఫైల్ చేస్తే 664 (గ్రూప్‌కి రైట్ ఉంది) వస్తోంది. అదే విండోస్ నుంచి చేస్తే మాత్రం 744 (గ్రూప్‌కి రీడ్ మాత్రమే)! రోజూ సాయంత్రం చేత్తో మార్చుకోవాల్సి వస్తోంది. దయచేసి 777 (అందరికీ అన్ని పర్మిషన్లు) పెట్టమని చెప్పకండి, అందులో జీతాల ఫైళ్లున్నాయి.

మిగతా షేర్లని కదపకుండా ఈ ఒక్క షేర్‌లో గ్రూప్‌కి రైట్ రావాలంటే, సాంబా కాన్ఫిగ్‌లో క్రియేట్ మాస్క్ (కొత్త ఫైల్‌కి అనుమతించే పర్మిషన్ల హద్దు) మార్చాలా, ఫోర్స్ క్రియేట్ మోడ్ (తప్పనిసరిగా చేర్చే పర్మిషన్లు) పెట్టాలా?